గ్రేడు పక్కనున్న అంకె

మార్కుల మెమో చేతికి రాగానే అందరి చూపూ గ్రేడు మీదే పడుతుంది. దాని పక్కనుండే క్రెడిట్ల అంకెను పట్టించుకునేవాళ్లు తక్కువ. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పరిధిలో డిగ్రీ చదివే పిల్లలైనా, ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాల విద్యార్థులైనా ముందుగా చదవాల్సింది ఆ అంకెనే. యూజీసీ లెక్కలో సెమిస్టరంతా వారానికి ఒక గంట పాఠానికి ఒక క్రెడిట్, ప్రాక్టికల్స్‌కైతే రెండు గంటలకు ఒకటి. సబ్జెక్టులో వచ్చిన గ్రేడు పాయింట్లను దాని క్రెడిట్లతో హెచ్చవేసి, అన్నిటినీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే సెమిస్టర్ సగటు వస్తుంది. నాలుగు సబ్జెక్టులకు 4, 4, 2, 2 క్రెడిట్లు ఉన్నాయనుకుందాం. ఒకరికి వరసగా 9, 9, 6, 6 పాయింట్లు, మరొకరికి 6, 6, 9, 9 వచ్చాయి. మామూలు సగటు ఇద్దరికీ 7.5. క్రెడిట్ల లెక్కలో మాత్రం మొదటివారికి 8, రెండోవారికి 7. గ్రేడులు అవే అయినా ఒక పూర్తి పాయింటు తేడా.

అలాగైతే రెండు క్రెడిట్ల సబ్జెక్టును వదిలేయవచ్చా? కూడదు. అందులో తప్పితే పాయింట్లు సున్నా. మళ్లీ రాసి గట్టెక్కేదాకా ఆ క్రెడిట్లు జమకావు, డిగ్రీ పూర్తికాదు. దీనికంటే బలమైన అభ్యంతరం ప్రాక్టికల్స్ గురించినది. రొయ్యల చెరువులే జీవనాధారమైన ముత్తుకూరు తీరంలో నీటి పరీక్షకు, వ్యాధి నిర్ధారణకు పట్టే గంటలను సగానికి లెక్కగట్టడం న్యాయమేనా? పాఠం విన్నాక ఇంటిదగ్గర చదువుకోవాల్సింది ఎక్కువనీ, ప్రాక్టికల్ పని చాలావరకు ల్యాబులోనే తీరిపోతుందనీ ఈ విభజనకు చెప్పే సమర్థన. క్రెడిట్ కొలిచేది విద్యార్థి శ్రమనే గానీ సబ్జెక్టు గొప్పతనాన్ని కాదు. చేతిపని మరింత అవసరమైన కోర్సుల్లో ప్రాక్టికల్స్‌కు క్రెడిట్లు పెంచమని అడగవచ్చు, అడగాలి కూడా. అంతేగానీ క్రెడిట్లను పక్కనపెట్టి వేసే సగటు, ఎక్కువ గంటలు చదివిన చదువుకు విలువ లేకుండా చేస్తుంది.

డిగ్రీ మొత్తం సగటుకూ ఇదే సూత్రం. ఆరు సెమిస్టర్లలో సమానంగా క్రెడిట్లుండి, మొదటిదాంట్లో 6 వస్తే, చివరికి 8 దక్కాలంటే మిగతా ఐదింటిలో సగటున 8.4 తెచ్చుకోవాలి. ఇంట్లో మొదటిసారిగా డిగ్రీ గడప తొక్కిన పిల్లలకు ఈ లెక్క చెప్పేవారుండరు. అందుకే కాలేజీలు దీన్ని ఫలితాలొచ్చాక కాకుండా, మొదటి సెమిస్టర్ మొదటి వారంలోనే బోర్డు మీద వేసి చూపించాలి.