విడిచిపెట్టవలసిన ఫైళ్లు

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు ప్రతి మార్పును చరిత్రగా భద్రపరచుటకు వెర్షన్ కంట్రోల్ సాధనములను వాడుదురు. కంపైలరు పుట్టించిన ఫైళ్లను, పాస్‌వర్డులున్న ఫైళ్లను అందులో చేర్చరాదు. అట్టివాని జాబితాను ఒక్కొక్క సాధనము ఒక్కొక్క రీతిగ గ్రహించును. 2005లో వెలువడిన గిట్, మెర్క్యూరియల్ అనునవి దానిని ఒక ఫైలునుండి చదువును. సబ్‌వెర్షన్‌లో అది ఆయా ఫోల్డరుకే గుణముగ అంటియుండును. నక్షత్రపు గుర్తునకు గిట్‌లో 'ఏ అక్షరములైనను' అని అర్థము. మెర్క్యూరియల్‌లో మాత్రము, వేరుగ చెప్పనిచో, 'ముందున్న అక్షరము ఎన్నిసార్లైనను' అని అర్థము. కనుక ఒకదాని జాబితాను మరొకదానికి యథాతథముగ ఎత్తి వ్రాయరాదు.

ఇంకొక ముఖ్య విషయము: ఈ జాబితా ఇంకను చరిత్రలో చేరని ఫైళ్లకే వర్తించును. పాస్‌వర్డు ఒకసారి చరిత్రకెక్కినచో, ఫైలు పేరును జాబితాలో వ్రాసినంతమాత్రమున అది చెరిగిపోదు. వెంటనే ఆ పాస్‌వర్డును మార్చవలెను.