స్ప్రే నౌక జీర్ణోద్ధరణ

1892లో బోస్టన్ నగరమున జాషువా స్లోకం అనే కప్తాను పని లేక తిరుగుచున్నాడు. ఆవిరి ఓడలు వచ్చి తెరచాపల విద్యకు గిరాకీ తగ్గించినవి. తిమింగిలాల వేటలో తల నెరసిన ఎబెన్ పియర్స్ అతనిని చూచి, ఫేర్‌హేవెన్‌కు వస్తే ఒక ఓడ ఇస్తాననీ, కొద్దిపాటి మరమ్మతు మాత్రం అవసరమనీ అన్నాడు. తీరా వెళితే అది నీటికి దూరంగా, ఒక పొలంలో గుడ్డ కప్పుకొని పడియున్నది. ముసలివాని పరిహాసమది!

స్లోకం మాత్రం గొడ్డలి చేపట్టినాడు. దాపుననున్న ఓక్ చెట్టును కొట్టి అడుగుదూలం చెక్కినాడు. లేత మ్రాకులను ఆవిరిలో మెత్తపరచి, దుంగపై వంచి, ప్రక్కటెముకలు తీర్చినాడు. పైన అంగుళమున్నర మందపు పైన్ పలకలు బిగించినాడు. వాటి సందులలో ముందుగా దూది, పిమ్మట జనుపపీచు దట్టించినాడు. దూది నిలువదు, పైకి ప్రాకివచ్చునని చూడవచ్చినవారు బెదిరించినారు, అది ప్రాకలేదు. గిట్టుబాటు సంగతి అడిగినవారికీ కొదువ లేదు. పదమూడు నెలల శ్రమకు, 553 డాలర్ల 62 సెంట్లకు ముప్పదియారు అడుగుల తొమ్మిదంగుళాల నౌక సిద్ధమైనది. పాత కొయ్య ఎంత మిగిలినదో చెప్పుట కష్టం. పేరు మాత్రం స్ప్రే యే.

1895 ఏప్రిల్ 24న బోస్టన్ విడిచి ఒంటరిగా భూప్రదక్షిణకు బయలుదేరినాడు. నౌకను మార్చుట అంతటితో ఆగలేదు. బ్యూనస్ ఎయిరిస్‌లో తెరచాప స్తంభాన్ని ఏడడుగులు కురచ చేసినాడు. తరువాత వెనుకవైపున మరొక చిన్న తెరచాప అమర్చినాడు. ఆ పొందిక ఫలమేమో, థర్స్‌డే ద్వీపం నుండి కీలింగ్ దీవులకు రెండువేల ఏడువందల మైళ్లు 23 దినాలలో సాగినపుడు అతడు చుక్కాని పట్టినది మొత్తం మూడు గంటలకు మించలేదు! టాస్మేనియాలోని డెవన్‌పోర్ట్‌లో ఒడ్డునకెక్కించి, కొయ్యను తొలిచే సముద్రపు పురుగుకై అడుగంతా వెదకినాడు. పురుగు జాడ లేకున్నా, మరల రాగిరంగు పూసినాడు. ఓర్పు అనగా ఇదికదా! 1898 జూన్ 27న న్యూపోర్టు చేరేసరికి దాదాపు 46 వేల మైళ్లు తిరిగినాడు. 1900లో వెలువడిన అతని యాత్రాగ్రంథం విహారనౌకలవారికి నేటికీ పాఠ్యమే.

కాని ఆ చేతులే తరువాత మందగించినవి. చివరి యేండ్లలో స్ప్రేను చూచినవారు దాని పూర్వపు పటుత్వం సడలినదని గమనించినారు. 1908–09 ప్రాంతమున దక్షిణాదికి బయలుదేరిన స్లోకం మరల కనబడలేదు, నౌకయూ దొరకలేదు. 1924లో న్యాయస్థానం అతనిని మృతునిగా ప్రకటించినది.