గంట కొట్టాక మొదలయ్యే బడి

పిల్లవాడికి జ్వరమో దగ్గో చూపించి మందుల చీటీ తీసుకున్నాక, లేచి వెళ్ళబోతూ కొందరు తల్లులు మమ్మల్ని ఒక సాయం అడుగుతూ ఉంటారు. "సిస్టరమ్మా, బడిలో వీణ్ణి సాయంత్రం ఆటలకనీ పాటలకనీ నిలబెట్టుకుంటున్నారు. ఇంటికొచ్చేసరికి సోలిపోతాడు. ఇంక ఆటలు వద్దని మీరొక చీటీ రాసివ్వండమ్మా, టీచరుకు చూపిస్తా." శెనక్కాయ పంట చేతికి రాని ఏడు కూడా అప్పు చేసి ఫీజు కట్టిన తల్లి అడిగే మాట ఇది. ఆ మాటలోని బాధ మాకు తెలుసు. అయినా గుండె జబ్బో, ఆయాసమో, మరేదైనా గట్టి కారణమో ఉంటే తప్ప అలాంటి చీటీ మేము రాయము. ఎందుకు రాయమో ఈ సంచికలో మన గుమ్మఘట్ట తల్లిదండ్రులకు వివరంగా చెప్పాలనుకున్నాం.

కాథలిక్ బడుల్లో ఆట, పాట, నాటకం నిన్న మొన్న పుట్టినవి కావు. ఇటలీ దేశంలో 1815లో ఒక పేద రైతు ఇంట పుట్టిన పునీత జాన్ బోస్కో, చిన్నతనంలో సంతలకు వచ్చే గారడీవాళ్ళను చూసి తాడు మీద నడవడం, గారడీ చేయడం నేర్చుకున్నాడు. ఊరి పిల్లల్ని పోగుచేసి ఆ విద్యలు చూపించేవాడు, మధ్యలో వాళ్ళ చేత జపం చెప్పించేవాడు. గురువైన తర్వాత ఆయన ట్యూరిన్ పట్టణంలో పనిచేశారు. అక్కడ పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన మగపిల్లలు దిక్కులేక వీధుల్లో తిరిగేవారు. ఇక్కడి నుంచి బెంగళూరుకు కూలికి పోయే కుటుంబాల పిల్లలను చూసిన మనకు ఆ దృశ్యం కొత్తది కాదు. వాళ్ళకు ఆయన చదువుతోపాటు ఆటస్థలం, సంగీతం, నాటకం ఇచ్చారు. 1859లో సలేషియన్ సభను స్థాపించారు. 1884లో రోము నగరం నుంచి తన బడివాళ్ళకు రాసిన ఉత్తరంలో ఆయన బాధపడింది మార్కుల గురించి కాదు. ఆటవేళలో పెద్దలు పిల్లల మధ్య ఉండటం మానేశారని, అందువల్ల పిల్లలకూ పెద్దలకూ మధ్య నమ్మకం తగ్గిపోయిందని బాధపడ్డారు. నూట నలభై ఏళ్ళ నాటి ఆ ఉత్తరాన్ని ఈనాడు కూడా ప్రతి స్టాఫ్ రూములో చదివించవలసిందే అని మా అభిప్రాయం.

రెండో మాట బెల్జియం దేశపు గురువు జోసెఫ్ కార్డైన్ గారి గురించి. ఆయన కూలి పనిచేసే కుటుంబంలో పుట్టారు. గురువిద్యాలయం నుంచి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఫ్యాక్టరీల్లో పనికి చేరిన తన చిన్ననాటి స్నేహితులు తనను పరాయివాడిలా చూడటం ఆయన మనసును గట్టిగా తాకింది. 1925లో ఆయన యువ కార్మికుల ఉద్యమాన్ని స్థాపించారు. దాని బాటలోనే విద్యార్థుల కోసం వై.సి.ఎస్. వచ్చింది. మన దేశంలోనూ ఎన్నో కాథలిక్ బడుల్లో అది నడుస్తోంది. దాని పద్ధతి మూడు మాటల్లో ఉంటుంది: చూడు, ఆలోచించి తేల్చుకో, చెయ్యి. 1961లో పోపు 23వ జాన్ గారు తన విశ్వలేఖలో ఈ పద్ధతినే అందరికీ సిఫారసు చేశారు.

ఈ పద్ధతి మన మండలంలో ఎలా పనిచేస్తుందో నీళ్ళ సంగతితో చూద్దాం. వేదవతి మీద భైరవానితిప్ప ప్రాజెక్టు మన మండలంలోనే ఉన్నా, ఏడాది పొడుగునా చాలా ఇళ్ళకు బోరే దిక్కు. అనంతపురం జిల్లాలో చాలా చోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. వై.సి.ఎస్. బృందంలోని పది మంది పిల్లలు ఒక నోటు పుస్తకం తీసుకుని తమ వీధిలో ఎవరు ఏ నీళ్ళు తాగుతున్నారో, చిన్నపిల్లల పళ్ళ మీద తెల్లటి లేదా గోధుమ రంగు మచ్చలు ఉన్నాయో లేదో రాసుకుంటే అది 'చూడు'. తర్వాత సైన్సు టీచరుతో కూర్చుంటారు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు మాత్రమే ఒప్పుకోవచ్చని మన దేశపు ప్రమాణం చెబుతోంది. మచ్చలకు మూలం పళ్ళు బయటికి రాకముందే, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పడుతుంది. అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళే ముఖ్యం. ఏర్పడిన మచ్చ తోమితే పోదు. ఇంకొక సంగతి, దీన్ని చాలామంది పెద్దలు కూడా నమ్మరు: మరగబెడితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

ఇక 'చెయ్యి' అన్నది. 2019లో మొదలైన జల జీవన్ మిషన్, ప్రతి ఊరిలో ఐదుగురు ఆడవాళ్ళకు కిట్టుతో నీళ్ళు పరీక్షించడం నేర్పాలని చెప్పింది. మన ఊరిలో ఆ ఐదుగురు ఎవరు, కిట్టు ఎక్కడుంది అని పిల్లలు పంచాయతీలో అడగవచ్చు. ఏ కుళాయి నీళ్ళు తాగడానికి, ఏవి బట్టలకు అని వీధివారీగా పటం గీసి బడి గోడకు అంటించవచ్చు. పసిపిల్లలున్న ఇంటికి ముందు మంచి నీళ్ళు అందాలని ఇంట్లో పట్టుబట్టవచ్చు. ఈ పని చేసిన ఎనిమిదో తరగతి పిల్ల లెక్కలు, సైన్సు, తెలుగులో అర్జీ రాయడం అన్నీ ఒకే నెలలో నేర్చుకుంటుంది. మన సరిహద్దు ఊళ్ళలో ఇంట్లో కన్నడం మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలు, అవ్వలకు ఈ సంగతి రెండు భాషల్లోనూ చెప్పగలరు.

ఆటల మాటకు వస్తే, 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన జిల్లాలోనే దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. అది కాథలిక్ బడి కాదు గాని, ఒకప్పటి జెస్యూట్ అయిన విన్సెంట్ ఫెర్రర్ గారి సంస్థతో కలిసి టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ 2010లో అనంతపురంలో తెరిచిన టెన్నిస్ బడి. అక్కడ పల్లె పిల్లలకు రాకెట్టుతోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు, పౌష్టికాహారం కూడా ఇచ్చేలా ఏర్పాటు చేశారు. ఆటను చదువుకు పోటీగా వాళ్ళు చూడలేదు.

మరి సాయంత్రానికి పిల్లవాడు సోలిపోతున్నాడంటే? ఆ సంగతి మాకు వదిలేయండి. మేము ముందుగా చూసేది కనురెప్ప లోపలి రంగు, తర్వాత రక్తం. పెద్దమనిషి అయిన ఆడపిల్లల్లో రక్తం తక్కువగా ఉండటం సర్వసాధారణం. ఆ పిల్ల ఆటలో వెనకబడితే "సోమరి" అంటారు, తరగతిలో కునికితే "చదువు రాదు" అంటారు. ఆట మాన్పిస్తే రక్తం పట్టదు. ప్రభుత్వం 10 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను అన్నం తిన్నాక వేసుకోనివ్వండి. దాంతో టీ మాత్రం ఇవ్వకండి, నిమ్మకాయ నీళ్ళు ఇవ్వండి. ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల మాత్రను ఎగ్గొట్టనివ్వకండి. ఆటకు ముందు పిడికెడు వేయించిన శెనక్కాయలు, ఒక చిన్న బెల్లం ముక్క చాలు. బడివాళ్ళకు కూడా ఒక మాట: మార్చి నుంచి జూన్ వరకు ఎండ దిగాకే పిల్లల్ని మైదానంలోకి దించండి, ఇరవై నిమిషాలకొకసారి నీళ్ళు తాగించండి.

బడివాళ్ళతో మాకు ఒక తగువు కూడా ఉంది. వార్షికోత్సవం పేరుతో నెలన్నర పాటు నాలుగు సినిమా పాటలకు డాన్సు నేర్పించి, డ్రెస్సులకు ఇంటికి వందలు వసూలు చేయడాన్ని మేము పిల్లల వికాసం అనలేము. డబ్బు కట్టలేని పిల్ల ఆ రోజు కుర్చీలు మోస్తుంది. అంతకంటే పెద్ద లోటు వేళది. గంట కొట్టాక జరిగేదంతా ఊళ్ళో ఉండే మగపిల్లలకే దక్కుతుంది. ఆటోలో, బస్సులో పోయే ఆడపిల్లలు అప్పటికే వెళ్ళిపోయి ఉంటారు, లేదా తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంటికి పరుగెత్తి ఉంటారు. వారానికి రెండు పీరియడ్లు బడివేళలోనే వీటికి కేటాయిస్తే ఏ పిల్లా మిగిలిపోదు.

తల్లిదండ్రులు వచ్చే మీటింగులో మార్కుల కార్డు చూశాక, మీ పాప ఏ బృందంలో ఉందో ఒక్కసారి అడగండి. ఏ బృందంలోనూ లేదని చెబితే ఎందుకు లేదో అడగండి. ఆటలో కళ్ళు తిరిగి పడినా, గుండె దడ అన్నా, మాట్లాడలేనంత ఆయాసపడినా ఆ రోజే మా దగ్గరికి తీసుకురండి. చూసి, ఆడవచ్చో కూడదో మేమే రాసి ఇస్తాం.