కాక్టసు పెంపకము - చిన్న నర్సరీల చిక్కులు

నాగజెముడు మనకు కంచె మొక్కగా తెలిసినదే. దాని కుటుంబమునకే చెందిన కాక్టసులను కుండీలలో పెంచి అమ్మువారు పశ్చిమ బెంగాలునందలి కాలింపాంగులో కలరు.

ఈ వృత్తిలో మొదటి చిక్కు కాలము. విత్తిన మొక్క అమ్మకమునకు వచ్చుటకు పెక్కు జాతులలో ఏండ్లు పట్టును. అంతవరకు పెట్టుబడి కుండీలోనే నిలిచియుండును. అంటుకట్టినచో త్వరగా పెరుగును గాని, సొంత వేళ్లపై పెరిగినదానినే కోరువారు పలువురు. నీరెక్కువైనచో వేరు కుళ్లును. పిండినల్లి వేళ్లలో దాగి రసము పీల్చును.

1975లో అమలులోనికి వచ్చిన సైటీస్ ఒడంబడికలో కాక్టసులు దాదాపుగా అన్నియు చేరియున్నవి. కావున తోటలో పెంచిన మొక్కను విదేశమునకు పంపుటకును సాధారణముగా అనుమతిపత్రము కావలెను. పత్రముల శ్రమ పది మొక్కలకైనను వేయి మొక్కలకైనను తప్పదు. చిన్నవానికే అది బరువు.

ఇట్టి పెంపకమునకు పూనుకొనువారు, అప్పు తీర్చు గడువు మొక్క పెరుగు కాలమునకు సరిపడునో లేదో ముందుగా చూచుకొనవలెనని మా మనవి.