నవల అచ్చయింది.. చదివేదెవరు?

హిమాయత్‌నగర్: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. నవల రాసి అచ్చు వేయించి చూడు అని కూడా చేర్చి ఉంటే బాగుండేది. రాసినంత కాలం రాతప్రతి రచయిత చేతిలో ఉంటుంది. నచ్చని పేజీని చింపివేయవచ్చు. అచ్చయి దుకాణానికి చేరాక ఒక్క అక్షరం కూడా ఆయన మాట వినదు. పంటను మార్కెట్ యార్డుకు తోలి, కాంటా వైపు చూస్తూ నిలబడిన రైతు పరిస్థితే ఆయనది.

హైదరాబాద్‌లో పుస్తకాలకు నెలవైన ప్రాంతమిది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి హిమాయత్‌నగర్‌లోనే ఉంది. 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు కొద్ది దూరంలో తిలక్ రోడ్డులో ఉంది. కొత్త పుస్తకాల ఆవిష్కరణ సభలు అక్కడ జరుగుతుంటాయి. ఆదివారం వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు రాసులు పోస్తారు. సభలో దండలు, చప్పట్లు అందుకున్న నవలే కొన్నేళ్లకు ఆ రాసుల్లో కనిపించవచ్చు. ఎవరో అమ్ముకున్నారని రచయితకు బాధ, మరెవరో కొంటున్నారని సంతోషం.

పుస్తకం బతుకును అన్ని వైపుల నుంచీ చూసినవారు మన నల్లగొండ జిల్లా బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి. నకిరేకల్ దగ్గర చెరువు మాదారంలో 1915లో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఒక ఉపాధ్యాయుని ఇంట వండిపెడుతూ చదువు నేర్చుకున్నారు. హోటల్లో సర్వరుగా, గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడరుగా పనిచేశారు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు స్వయంగా మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. కాళోజీ ‘నా గొడవ’ 1953లో వెలువడింది ఆ గ్రంథమాల నుంచే.

ఇతరుల పుస్తకాలను జనంలోకి తెచ్చిన ఆయన, సొంత నవల ‘ప్రజల మనిషి’ని 1955లో తెచ్చారు. అప్పటికి వయస్సు నలభై. నడుమ ఏళ్ల తరబడి జైలు జీవితం గడిపారు. దిమ్మెగూడెం అనే పల్లెలో దొర పెత్తనం, వెట్టిచాకిరి, వాటికి ఎదురు నిలిచిన కంఠీరవం అనే యువకుని కథ అది.

ఇలాంటి నవలకు అసలు పరీక్ష పట్నం సభలో కాదు, పల్లె రచ్చబండ వద్దనే. నవల వచ్చేనాటికి వెట్టి చేసినవారూ ఉన్నారు, చేయించుకున్నవారూ ఉన్నారు. ఒక్క మాట తప్పు రాసినా పట్నం విమర్శకునికి తెలియకపోవచ్చు గాని, ఆ బతుకు బతికినవానికి ఇట్టే తెలిసిపోతుంది. అదీగాక 1951 జనాభా లెక్కల నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో నూటికి పదిమందికైనా అక్షరాలు రావు. ఎవరి కోసం రాశారో వారే చదవలేరు. ఒకరు చదివితే పదిమంది వినవలసిందే.

రెండవ నవల ‘గంగు’ పూర్తి కాకుండానే 1961 ఫిబ్రవరి 5న ఆళ్వారుస్వామి కన్నుమూశారు. అది 1965లో అచ్చయింది. పాఠకుడు ఏమంటాడోనని ఎదురుచూసే భాగ్యం ఆ పుస్తకం విషయంలో ఆయనకు దక్కలేదు.

నేడు అక్షరాలు వచ్చినవారు ఊరూరా ఉన్నారు. అయినా కొత్త నవల వెయ్యి ప్రతులు అమ్ముడుపోవడం గగనమవుతోంది. పల్లెవాసులు ఒక సంగతి గమనించాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతుంది. అంటే గ్రంథాలయంలోని పుస్తకాల ఖర్చులో మన పైసలూ ఉన్నాయి. కావలసిన నవల తెప్పించమని అడిగే హక్కు మనకుంది.

చదివాక రచయితకు ఒక కార్డు ముక్క రాయండి. బాగుంటే బాగుందని, మన ఊరి సంగతి తప్పు రాస్తే తప్పని చెప్పండి. నవల విడుదల చేసిన మనిషి ఎదురుచూసేది ఆ కార్డు కోసమే.