చికిత్సానంతరం మిత్రధర్మం

క్యాన్సరు అన్న మాట వినగానే మిత్రులందరూ ఆసుపత్రికి పరుగెత్తుతారు. శస్త్రచికిత్స ముగిసి రోగి ఇల్లు చేరిన పిమ్మట ఆ రాకపోకలు పలుచబడతాయి. మిత్రుని అవసరం మిక్కుటంగా ఉండేది అప్పుడే. పెద్దపేగుకు శస్త్రచికిత్స జరిగి, కీమోథెరపీ పొందిన మా సహాధ్యాయి ఒకరిని ఆరు మాసాలపాటు దగ్గరనుండి చూచాము. మేము గ్రహించినదానిని ఇచ్చట వివరిస్తున్నాము.

కీమోథెరపీ ఔషధాలు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. క్యాన్సరు కణాలు అట్టివే. నోటి పొర, వెంట్రుకల కుదుళ్ళు, ఎముకల మజ్జ కూడా అట్టివే. నోటిపూత, జుట్టు రాలడం, రక్తంలో తెల్లకణాలు క్షీణించడం అందువల్లనే. (ఈ మందులలో తొలితరానికి చెందిన అమినాప్టెరిన్‌ను అమెరికాలో రూపొందించిన బృందానికి నాయకుడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. రక్తక్యాన్సరు సోకిన పిల్లలలో దాని ఫలితాలను సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు.)

మందు ఎక్కించిన తరువాత సాధారణంగా 7 నుండి 14 దినాల మధ్య తెల్లకణాలు కనిష్ఠస్థాయికి దిగుతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీటుకు చేరిందంటే ఉపేక్షించరాదు. గంటలలోనే ప్రాణం మీదికి రావచ్చు. ఒక రాత్రి మా మిత్రునికి ఒళ్ళు కాలిపోతూంటే, మాత్ర వేసి తెల్లవారనిద్దామన్నారు ఇంటి పెద్దలు. ఆ మాత్ర జ్వరాన్ని కప్పిపుచ్చుతుందే గాని లోపలి సూక్ష్మజీవిని చంపదు. పెద్దలను ఒప్పించి, ఆటో పిలిచి, అర్ధరాత్రి దాటకముందే ఆసుపత్రిలో చేర్పించాము. యాంటీబయాటిక్కులు నరానికి ఎక్కించిన మూడవ దినానికి జ్వరం విడిచింది. జలుబు దగ్గులున్నవారు పరామర్శకు పోకుండుటయే మేలని వేరే చెప్పనక్కరలేదు.

మన ఇండ్లలో ప్రేమ బిర్యానీ రూపంలో బయలుదేరుతుంది. పాపం, ఆ మసాలా వాసనకే రోగికి వికారం! ఇడ్లీ, మెత్తని అన్నం, పల్చని పప్పు కొద్దికొద్దిగా, పలుమార్లు ఇవ్వవలె. మా మిత్రునికిచ్చిన ఆక్సాలిప్లాటిన్ అనే మందుకు మరొక చిక్కున్నది: మందు ఎక్కిన కొద్దిరోజులు చన్నీళ్ళు తాకితే వ్రేళ్ళు తిమ్మిరెక్కుతాయి, త్రాగితే గొంతు పట్టివేసినట్లుంటుంది. ఫ్రిజ్జులోని పండ్లరసం తెచ్చిన అతిథిని ఆయన భార్య వాకిటనే ఆపవలసి వచ్చింది.

కడుపుమీది గాయం మానేవరకు నీళ్ళ బిందెను, గ్యాసు బండను ఎత్తరాదు. “ఏదైనా కావాలంటే చెప్పు” అన్నంత మాత్రాన రోగి నోరు తెరచి అడుగడు. “గురువారం రక్తపరీక్షకు నీతో వస్తాను, బండ నేను మారుస్తాను” అంటే కాదనలేడు. మేము నలుగురము వారాలు పంచుకొన్నాము. మంగళవారం వంతు వచ్చినవారికి మాటలు తక్కువ. క్యారమ్ బోర్డు తీసుకొని పోయేవారు. మా మిత్రుడు ఎదురుచూచింది ఆ మంగళవారాలకే.