సముద్రం చూద్దామని వెళ్తే

లండన్‌లో చదువుకు వచ్చి నాలుగు నెలలైనా సముద్రం ముఖం చూడలేదు. ఆదివారమొస్తే బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్లి ఇసుకలో కూర్చునే మాకు అది చిన్న లోటా చెప్పండి! బ్రైటన్ సుమారు 80 కిలోమీటర్లు, రైల్లో గంట. ఓ శనివారం నేనూ నా స్నేహితురాలూ బయలుదేరాం.

ఆ గంట కాస్తా నాలుగైంది. పట్టాల మరమ్మతట, త్రీ బ్రిడ్జెస్‌లో అందరినీ దింపేసి బస్సెక్కమన్నారు. వానలో వరుస కట్టాం. గాలికి గొడుగు వెనక్కి తిరగబడింది. బస్సు మలుపు తిరిగేసరికి పులిహోర డబ్బా మూత ఊడి, సగం ముందు సీటాయన కోటు మీద! పాపం, ఆయన నవ్వేశాడు.

తీరా చూస్తే ఒడ్డంతా గులకరాళ్లే. చెప్పులు విప్పి నాలుగడుగులు వేయలేం.

బస ఇచ్చిన పెద్దావిడ, మాది ఇండియా అని తెలిసి, "ఛత్రి చూశారా?" అంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ మన సిపాయిలకు 1914 డిసెంబరులో ఇక్కడి రాజభవనం, రాయల్ పెవిలియన్, ఆసుపత్రి అయిందట. హిందువులకూ ముస్లిములకూ వేరువేరు కుళాయిలు కూడా పెట్టారు. చనిపోయినవారిలో 53 మంది హిందూ, సిక్కు సైనికులను పాచమ్ పైనున్న గుట్టల మీద దహనం చేశారు. అక్కడే 1921లో పాలరాతి ఛత్రి వెలిసింది.

మర్నాడు బురదలో కాలిబాటన ఎక్కాం. పక్కనే 2010లో పెట్టిన శిలాఫలకం మీద వాళ్ల పేర్లున్నాయి. తెలుగు పేరేదైనా ఉందేమోనని వెతుకుతూ మొదలుపెట్టి, అన్నీ పైకే చదివేశాం. కింద, దూరంగా, సముద్రం కనిపిస్తోంది.